ముద్దల మీద పరిచిన నేల

మా బండల పనిలో సర్కారు పని అని ఒక మాట ఉంది. దాన్ని మేము తిట్టుగా వాడం. ఇంత ఇసుక, ఇంత సిమెంటు అని కొలత చెప్పినట్టే చెప్తాం. పొద్దున పనికి దిగేటప్పుడు కూలోడు అడుగుతాడు, "అన్నా, ఇంటి పనా, సర్కారు పనా?" అని. ఇంటి పని అంటే కింద మొరం తడిపి, దిమ్మిసతో కొట్టి, బండ కింద ఇసుక, సిమెంటు కలిపిన మాలు నిండుగా పరిచి, బండ దించి, చెక్కసుత్తితో తడుతూ చెవి పెట్టి వినాల. యాడన్నా బోలుగా పలికితే బండ లేపి మళ్ళీ మాలు వేయాల. సర్కారు పని అంటే నాలుగు మూలలా నాలుగు ముద్దల మాలు, నడుమ ఒక ముద్ద. ఆ అయిదు ముద్దల మీద బండ దించి సందులు పూడిస్తే అయిపోయినట్టే. చూసేదానికి రెండూ ఒకటే. రెండు వానకాలాలు పోయేదాకా ఒకటే.

నా పేరు ఏసేపు. ముప్పై ఏండ్లుగా ఇదే పని. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఊర్లో అది నాకు మంచి పేరే తెచ్చింది. మాట్లాడనోడు అబద్ధమాడడని జనం అనుకుంటారు.

మా ఊర్లో బడి వేరు, స్కూలు వేరు. బడి అంటే సర్కారుది. మా ముత్తాతల కాలంలో చర్చి వసారాలో మొదలైందంట, తర్వాత సర్కారు తీసుకునింది. స్కూలు అంటే టౌనులో ఉండేది, పసుపు బస్సు వచ్చి పిల్లోళ్ళను ఎక్కించుకుపోయేది. నేను బడిలో అయిదు దాకా చదివినాను. బండ కొలతలు వేసేది, చెక్కు మీద సంతకం పెట్టేది, బైబిలు చదివేది, అన్నీ ఆడ నేర్చుకున్నవే.

రెండేండ్ల కిందట ఎండాకాలంలో ఆ బడికి మరమ్మతులు వచ్చినాయి. రెండు గదులు, ఒక వసారా. పాత గచ్చంతా గుంతలు పడిపోయి ఉండె. సిమెంటు, బండలు పైనుంచి వచ్చినాయి. పని ఎవరితో చేయించాలనేది తల్లిదండ్రుల కమిటీ తేల్చుకోవాల. హెడ్‌టీచరు ఖైరున్నీసా మేడం. కర్నూలు పాతబస్తీ మనిషి. మా ఊరికొచ్చి అప్పటికే ఏడేండ్లు. కమిటీలో ఎవరో టౌను మేస్త్రీ పేరు చెప్తే ఆమె ఒప్పుకోలేదు.

"ఏసేపన్న మనమరాలు ఈడనే చదువుతాంది. సొంత బిడ్డ కూర్చునే నేలను ఎవురైనా చెడగొడతారా? ఆయనకే ఇద్దాం" అనింది.

నా కొడుకు హెన్రీ బండల లారీ తోలతాడు. వాని కూతురు మహిమ అప్పుడు ఒకటో తరగతి ముగించింది.

ఆ నెలలోనే టౌనులో రామకృష్ణ సారు తన స్కూలుకు పెద్ద హాలు కట్టించినాడు. జూన్‌లో తెరవాల. ఆ నేల గూడా నాకే ఇచ్చినాడు. ముందు బడి ముగించి ఆడికి పోదామనుకున్నాను. మేడం నన్ను తొందరపెట్టలేదు. "పద్దినాలైనా పట్టనీలే అన్నా, పిల్లోళ్ళు లేరు గదా" అనింది. నేను నాలుగు దినాల్లో ముగించినాను.

మొదటి దినం తిమ్మన్న మాలు కలపడానికి పార పట్టుకుని నిలబడినాడు. నా దగ్గర పదేండ్లుగా పని చేసే మనిషి.

"ఎంత కలపాలన్నా?"

"ముద్దలకు సరిపోయేంత."

వాడు తల ఎత్తి చూసినాడు. "బడి గదన్నా."

"బడంటే సర్కారు పని గాదా? కలుపప్పా."

 వాని కూతురు హర్షిణి ఆ బడిలోనే చదువుతాంది. వాడు తట్టతో మాలు అందించినాడు, నేను ముద్దలు పెట్టినాను.

ఆ తర్వాత టౌనులో హాలుకు పదకొండు దినాలు పట్టింది. ప్రతి బండనూ తట్టి విన్నాను. ఒక మూల బండను రెండుసార్లు లేపి పెట్టినాను. ఆడ గూడా నా పక్కన నిలబడి ఎవరూ చూడలేదు. రామకృష్ణ సారు రెండుసార్లు వచ్చి, ఫోన్ మాట్లాడుకుంటా పోయినాడు. అయినా నా చేతులు అట్లనే చేసినాయి. ఎందుకట్ల చేసినాయని అప్పుడు నేను నన్ను అడుక్కోలేదు.

బడిలో సిమెంటు మిగిలింది. పదకొండు మూటలు. మిగిలింది ఇంటికి తోలుకునే మేస్త్రీలు ఉంటారు. నేను తోలుకోలేదు. ఒక్కొక్క మూట మోసి ఆఫీసు గదిలో పేర్చి, "మిగిల్యా మేడం" అని చెప్పినాను. ఆ సాయంత్రం నడిచి ఇంటికొస్తా ఉంటే నేను మంచోడిననే అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

పంద్రాగస్టు నాడు మేడం నాకు శాలువా కప్పింది. "పదకొండు మూటలు ఎనక్కిచ్చిన మేస్త్రీని మీరు యాడన్నా చూసినారా?" అని పిల్లోళ్ళను అడిగింది. పిల్లోళ్ళు లేదని గట్టిగా అరిచి చప్పట్లు కొట్టినారు. గోడ పక్కన తిమ్మన్న గూడా కొట్టినాడు. ఆ మూటలతో మేడం బడి ముందర చేతులు కడుక్కునే దిమ్మె కట్టించి, దానికి కొళాయిలు పెట్టించింది.

మాది నల్లరేగడి నేల. వాన తాగితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే నోరు తెరుస్తుంది. మొదటి సంవత్సరం ఏమీ తెలియలేదు. రెండో వానకాలం పోయినాక బండలు ఊగడం మొదలుపెట్టినాయి. మహిమ ఇంటికొచ్చి నవ్వుతా చెప్పింది, "తాతా, మా బడిలో ఊగుడుబండ ఉండాది. ఈ కొనన నేను నిలబడితే ఆ కొనన కూర్చున్నోళ్ళు లేస్తారు." మా ఆమె జీవమ్మ నా వైపు చూసింది.

"ఒక దినం పోయి సరిచేసి రాగూడదా?" అనింది.

"సర్కారు బండను మనంతట మనం లేపితే ఊరుకుంటారా? కాగితం రావాల" అన్నాను. కాగితం ఏమీ అక్కర లేదు. గడ్డపార, ఒక మూట సిమెంటు చాలు. కానీ బండ లేపితే కింద ముద్దలు కనపడతాయి.

జనవరిలో ఒక బండ పైకి లేచి హర్షిణి కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఊడిపోయింది. తిమ్మన్న ఆ పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పోయినాడు. మరుసటి దినం మామూలుగా పనికొచ్చినాడు.

"పాప ఎట్లుండాది?" అని అడిగినాను.

"బాగుండాదిలేన్నా" అని తట్ట ఎత్తుకున్నాడు. అంతే. 

తర్వాత ఊర్లో ఒక్కొక్కరే పిల్లోళ్ళను మాన్పించినారు. ముందు మాన్పించింది ఎరువుల దుకాణం ఓబుళేశు. "సర్కారోళ్ళు బూట్లిస్తే సాల్దప్పా, బూట్లేసుకుని నిలబడేదానికి నేల ఉండాల" అని దుకాణం ముందర కూర్చుని అందరికీ చెప్పినాడు. ముప్పై ఒక్క మంది ఉన్న బడిలో పద్నాలుగు మంది మిగిలినారు. మిగిలింది బస్సు ఎక్కించలేనోళ్ళ పిల్లలు. జూన్‌లో నేను గూడా మహిమను బస్సు ఎక్కించినాను. రామకృష్ణ సారు స్కూల్లో చేర్పించినాను.

అప్పుడు మేడం మా ఇంటికొచ్చింది. ఎండలో నడిచొచ్చింది. జీవమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని చెంబు చేతిలోనే పెట్టుకుని అడిగింది.

"ఏసేపన్నా, అందరూ పోతే పోయినారు. నువ్వు గూడానా? మహిమ లెక్కల్లో ఎంత చురుకో నీకు తెలుసు గదా. ఏం తక్కువ చేసినాను చెప్పు, దిద్దుకుంటా."

నేను నేల చూసినాను. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"మీదేం లేదు మేడం. నేల బాగలేదు గదా."

ఆమె తలూపింది. "నిజమేలేన్నా. మరమ్మతుకు మూడుసార్లు రాసినా. నువ్వు అంత బాగా పరిచినావు, మన రేగడి నేల అట్ల చేసె" అని మజ్జిగ తాగి లేచింది. పోతా పోతా మహిమ తలకాయ నిమిరింది.

ఆమె నన్ను అనుమానించి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆగస్టులో మండలం నుంచి చదువుల ఆఫీసరు వచ్చినాడు, ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని. బడిలో ఇరవై మంది లేరు కాబట్టి దాన్ని రోడ్డవతల ఊరి బడిలో కలుపుతామని, ఊరోళ్ళ అభిప్రాయం చెప్పమని వసారాలో అందరినీ కూర్చోబెట్టినాడు. రోడ్డవతల ఊరంటే మూడు కిలోమీటర్లు. నడుమ లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాల.

ఓబుళేశు ముందు లేచినాడు. "సార్, ఉన్నది ఉన్నట్టు చెప్తా. సర్కారు బళ్ళకు కాలం తీరిపోయింది. ఈడ పని చేసే టీచర్లు తమ పిల్లోళ్ళను యాడ చదివిస్తాండారు? టౌన్లో. మా పిల్లోళ్ళకు మటుకు ఇదే సాలంట."

బడిలో అన్నం వండే విశ్వాసమ్మ, గరిటె చేతిలోనే పట్టుకుని వంటగది వాకిట్లోంచి అనింది, "ఒరే ఓబుళేశూ, గుడ్డు పెడతాండారు, పాలిస్తాండారు, పుస్తకాలిస్తాండారు. ఇంకేం కావల్రా నీకు?"

"గుడ్డు తినను పంపుతామా అత్తా, చదువుకోను పంపుతామా?"

"నువ్వు చదువుకున్నది ఈడనే గదరా. నీ దుకాణం బోర్డు మీద ఎరువులు అని రాయించుకోను రాక ఎరవులు అని రాయిస్తే, దిద్దించింది ఈ టీచరమ్మే గదా!"

అందరూ నవ్వినారు. ఓబుళేశు గూడా నవ్వినాడు. "అదే గదత్తా నేను చెప్పేది. ఈడ చదువుకున్నందుకే నాకు ఎరువులు రాయను రాలే." ఇంకా ఎక్కువ నవ్వినారు. మేడం గూడా నవ్వింది.

ఆ నవ్వు అయిపోకముందే లోపల గదిలోంచి టక్ టక్ అని శబ్దం వచ్చింది. ఇంజనీరు కర్రతో బండలు తట్టుకుంటా వస్తాండాడు. బయటికొచ్చి ఆఫీసరుతో అన్నాడు. "అంతా బోలే సార్. కింద సిమెంటే లేదు. బిల్లులో అరవై మూటలు ఉండాయి. ఈ నేలలో యాభై గూడా పడలే."

"మిగిలినవి పదకొండు మూటలు సార్. రిజిస్టర్లో ఉండాది. దాంతో ఆ దిమ్మె కట్టించినా" అని మేడం కొళాయిల వైపు చెయ్యి చూపింది.

"నేలకిచ్చిన సిమెంటు మిగలడమేంది మేడం? సరిగ్గా పరిస్తే చాలక మళ్ళీ అడగాల" అన్నాడు ఇంజనీరు.

"కావాలంటే ఏసేపన్నను అడగండి. ఆయనే లెక్కపెట్టి ఇచ్చినాడు."

అందరూ నా వైపు తిరిగినారు.

"ఏమప్పా, నిజమేనా?" అని అడిగినాడు ఆఫీసరు.

"నిజమే సార్. పదకొండు మూటలు ఇచ్చినా."

అది నిజమే. ఆ నిజం చెప్పడానికి నాకు ఏమీ కష్టం కాలేదు.

"అంటే మేస్త్రీ దగ్గర తప్పు లేదు" అన్నాడు ఆయన. కొంచెంసేపు కాగితాలు తిప్పినాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగినాడు. "సిమెంటు మిగిలించమని మేడం చెప్పినారా? దిమ్మె కోసం? భయపడాకు, చెప్పు."

నేను లేదనాల. ఒక్క మాట. లేదు సార్, ముద్దలు నేను పెట్టినాను అనాల. తిమ్మన్న నాకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునుండె. మేడం నన్నే చూస్తాండె, భయం లేకుండా. నేను లేదంటానని ఆమెకు గట్టి నమ్మకం.

నేను నా కాళ్ళ కింద బండను చూసుకుంటా కూర్చున్నాను.

నేను ఊరుకుంటే ఊరికి అర్థమయ్యేది వేరే. ఏసేపు మంచోడు, ఆడమనిషి మీద చాడీ చెప్పలేక తల దించుకున్నాడు, అంటే మేడమే చెప్పి ఉంటుంది. నా ముప్పై ఏండ్ల మౌనం ఆ పొద్దు ఆమె మీద సాక్ష్యమైంది. ఓబుళేశు నాలుక చప్పరించినాడు. "అయ్యో, మంచి టీచరనుకుంటిమే" అని ఎవరో ఆడమనిషి అనింది. ఆఫీసరు ఏందో రాసుకున్నాడు. మేడం నా మీద నుంచి చూపు తిప్పుకునింది.

మరుసటి దినం నేను, తిమ్మన్న ఒక ఇంటి వసారాలో బండలు పరుస్తాండాము. ఇంటి పని. మాలు నిండుగా వేస్తాండాను. వాడు ఉన్నట్టుండి తట్ట దించి అన్నాడు.

"అన్నా, రాత్రి మా పాప అడిగింది. నాయనా, మా బడిలో బండలు నువ్వు గూడా పరిచినావంట గదా అని."

"నువ్వేమంటివి?"

"నేను గాదంటి. నేను ఆ పనికి పోలేదంటి." వాడు గోడ వైపు చూసినాడు. "ఆ పిల్ల కాలి మీద పడ్డె గదన్నా. ఇంకేమని చెప్పేది?"

నేను చెక్కసుత్తి కింద పెట్టినాను. నా పని వల్ల వాడు తన బిడ్డ దగ్గర అబద్ధమాడవలసి వచ్చింది. పదేండ్లు నా వెనక నడిచిన మనిషి. ఒక్క మాట ఎదురాడితే మరుసటి దినం కూలి ఉండదేమోనని ఆ పొద్దు మాలు కలిపినాడు. అది నాకు అప్పుడు గూడా తెలుసు.

చేతులు కడుక్కుని మండలానికి పోయే ఆటో ఎక్కినాను.

ఆఫీసరు నన్ను గుర్తుపట్టినాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పినాను, పని చెడగొట్టింది నేను, మేడం ఏమీ చెప్పలేదని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వినాడు.

"మంచోనివప్పా. ఆడమనిషి ఇబ్బంది పడతాదని నీ మీద ఏసుకుంటాండావు. పదకొండు మూటలు ఎనక్కిచ్చినోడివి నువ్వు దొంగపని చేస్తావంటే ఎవురు నమ్ముతారు?"

"రాసిస్తా సార్."

కాగితం అడిగి తీసుకుని ఆ బల్ల మీదనే రాసినాను. బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. నేను ముద్దల మీద పరిచినాను, ఇది నా ఇష్టంతో చేసిన పని, దీనిలో ఖైరున్నీసా మేడంకు సంబంధం లేదు. ఆయన చదివి, "ముద్దలంటే?" అని అడిగినాడు. చెప్పినాను. అప్పుడు నవ్వు ఆపినాడు.

"సరే, ఫైల్లో పెడతా. మేడంకు నోటీసు పోకుండా చూస్తా. కలిపేది మాత్రం ఆగదు. అది పిల్లోళ్ళ సంఖ్య మీద పోతాది."

"నేల బాగుండింటే పిల్లోళ్ళు ఉందురు గద సార్."

"అది వేరే ఫైలప్పా" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా బడికి పోయినాను. పిల్లోళ్ళు ఇండ్లకు పోయినారు. మేడం ఒక్కతే కింద కూర్చుని పుస్తకాలు తాడుతో కట్టలు కడతాండె. నేను గడప దగ్గరే నిలబడి చెప్పినాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే.

ఆమె తాడు ముడి వేసి, ఆ ముడినే చూస్తా అడిగింది.

"ఎందుకన్నా?"

"సర్కారు పని గదా అనుకున్న్యా మేడం."

 ఆమె మెల్లగా అనింది, "నేను చేసేది గూడా సర్కారు పనే గదన్నా."

నేను నిలబడినచోటే నిలబడినాను. కూర్చోమని ఆమె అనలేదు.

"ఆఫీసులో చెప్తే సాల్దు" అనింది ఆమె. "ఆ పొద్దు ఈడ కూర్చున్నోళ్ళందరికీ చెప్పు. నిన్నటి నుంచి నాకు నమస్తే పెట్టేదానికి గూడా మొహం తిప్పుకుంటాండారు. తొమ్మిదేండ్లన్నా. వీళ్ళ పిల్లోళ్ళ ముక్కులు నా కొంగుతో తుడిచినా."

ఆ పొద్దు కూర్చున్నోళ్ళలో సగం మంది మా చర్చి వాళ్ళే. ఆదివారం ఆరాధన అయినాక మా దాంట్లో సాక్ష్యాలు చెప్తారు. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకుంటారు. జ్వరం తగ్గింది, బోరులో నీళ్ళు పడినాయి, ఇట్లాంటివి. ఒక్కొక్క మాటకు అందరూ స్తోత్రం అంటారు. నేను ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. నేను లేచేసరికి పాస్టరు యేసుప్రసాద్ గారు ఆశ్చర్యపోయి, "ఏసేపు గారు నోరు తెరుస్తాండారు, దేవునికి మహిమ!" అన్నాడు.

"మన బడిలో బండలు పరిచింది నేను" అన్నాను.

"స్తోత్రం" అన్నారు అందరూ.

"వాటిని ముద్దల మీద పరిచినాను."

"స్తోత్రం."

వాళ్ళకు అలవాటు. చెవిన పడకముందే నోటికొస్తుంది. ఆపమని చెప్పడం నాకు చేతకాలేదు. తప్పు నాది, మేడంది కాదు, స్తోత్రం. హర్షిణి వేలి గోరు నా వల్లనే ఊడింది, స్తోత్రం. ఆ మాటకు మాత్రం వెనక వరసలో విశ్వాసమ్మ అనలేదు. పాస్టరు గారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంత తగ్గింపు, వినయం గల సోదరుడు మన సంఘంలో ఉన్నందుకు వందనాలని ప్రార్థన చేసినాడు. బయటికొచ్చినాక ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఒకామె కండ్లు తుడుచుకునింది. అయిదు నిమిషాల్లో నన్ను క్షమించేసినారు. శాలువా కప్పిన నాటి మాదిరే ఉండె.

విశ్వాసమ్మ నా పక్కకొచ్చి, "సులువైన చోట చెప్పుకున్నావు గదరా ఏసేపా" అనేసి చెప్పులు వేసుకుని పోయింది.

సోమవారం పొద్దున మహిమ చెయ్యి పట్టుకుని బస్సు ఆగే చోటికి పోయినాను. ఓబుళేశు, ఇంకా ఏడెనిమిది మంది పిల్లోళ్ళతో నిలబడి ఉండారు. నేను పోయి వాళ్ళ నడుమ నిలబడి చెప్పినాను. ఈసారి మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు.

ఓబుళేశు నా భుజం మీద చెయ్యేసినాడు. "ఓస్, ఇంతేనా! దీనికి నాలుగు దినాలుగా మొహం అట్ల పెట్టుకుని తిరుగుతాండావా? సర్కారు పని ఎవురైనా అట్లనే చేస్తారులేన్నా. నేనైతే ఆ పదకొండు మూటలు గూడా ఇచ్చుండను."

పక్కనున్నోళ్ళు నవ్వినారు. ఎగతాళి కాదు, ప్రేమతోనే.

"మరి మేడం?" అన్నాను. "మేడంను అన్నారు గదప్పా ఆ పొద్దు."

"ఆమె సంగతి వేరన్నా. ఆమె జీతం తీసుకుంటాంది గదా."

"ఆమె ఏ తప్పూ చేయలేదని చెప్తాండా ఓబుళేశూ. తప్పు నాది. ఆమె ఎదురొస్తే మొహం తిప్పుకోవద్దండి."

"సరేలేన్నా, సరే" అన్నాడు వాడు, రోడ్డు వైపు చూస్తా. బస్సు వస్తాంది. వాడు నా మాట వినినాడో లేదో నాకు తెలియలేదు. ఒకామె మాత్రం, "పాపం ఆయమ్మ" అని మెల్లగా అనింది. నాకు దొరికింది అదొక్కటే.

మహిమ నా చెయ్యి లాగింది. అంతా వినింది. ఎనిమిదేండ్ల పిల్ల, అన్నీ కూడి చూసుకునే రకం.

"తాతా, మా స్కూల్లో పెద్ద హాలు గూడా నువ్వే పరిచినావంట గదా? నేల చూపిచ్చి మా క్లాసు టీచరు చెప్పింది."

"ఊఁ."

"అది గూడా ఊగుతాదా?"

"లేదమ్మా. అది ఊగదు."

బస్సు ఆగింది. పిల్లోళ్ళు ఎక్కుతాండారు. మహిమ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"అదెందుకు ఊగదు తాతా?"

కండక్టరు తొందరపెడతాండె. ఆ పిల్ల కదలకుండా నా మొహమే చూస్తా నిలబడింది.